పాత కంప్యూటరుకు కొత్త ఊపిరి

బస్తరు అడవుల్లోని కిష్టారం వంటి ఊరిలో కంప్యూటరు మొరాయిస్తే, దానిని పట్నం దాకా మోసుకుపోవలసిందే. అందుచేత ఏ భాగం మార్చాలో ఇంటివద్దనే తేల్చుకొనడం మేలు.

పదేళ్ళనాటి యంత్రం మందగించినప్పుడు తప్పు తరచు ప్రాసెసరుది కాదు, హార్డ్ డిస్కుది. పెట్టె ముందున్న డిస్కు దీపం ఎడతెగకుండా మినుకుతూంటే అదే సాక్ష్యం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్ళెంపై సమాచారం వెదకడానికే కాలమంతా హరించుకుపోతుంది. తిరిగే భాగమే లేని ఎస్.ఎస్.డి.కి ఆ వెదుకులాట ఉండదు. సాటా తీగతో పాత డిస్కు స్థానంలోనే దానిని అమర్చవచ్చు.

తరువాతి వంతు ర్యాముది. 4 జీబీని 8 చేస్తే చాలావరకు ఊరట. అయితే డీడీఆర్3 గాడిలో డీడీఆర్4 ఇమడదు. పాతదానిని చూపి కొనండి.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు తగని యంత్రంలో ఉచితంగా దొరికే లైనక్సు వేసుకొనవచ్చు. తెలుగు అక్షరాలకు అందులో లోటు లేదు.

అన్నిటికంటె ముందు, మీ రాతలకు మరొక ప్రతి తీసి దాచండి. ఒకమారు ఆ జాగ్రత్త మరచి, మూడు నెలల అనువాదం పోగొట్టుకొన్నాను. కొత్త డిస్కు మరునాడే దొరికింది. ఆ వాక్యాలు మాత్రం మళ్ళీ దొరకలేదు.