బిషప్ అజరయ్య స్మరణ తీర్మానం

శ్రీముఖలింగం గ్రామ గ్రంథాలయ పాఠకుల సర్వసభ్య సమావేశం ఆమోదించినది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టిన పర్వతాలపేట మనకు దగ్గరే కనుక, 'ఒనర్పబడినది' లాంటి మాటలు రానివ్వకుండా వాడుక భాషలోనే రాశాం.

తిరునల్వేలి సీమలో 1874 ఆగస్టు 17న ఒక పల్లె పాస్టరుగారికి పుట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు, వై.ఎం.సి.ఎ.లో ఏళ్లపాటు పనిచేసి, 1909లో గురువై, నిజాం రాజ్యంలోని డోర్నకల్‌ చేరారు. తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద దళితవాడలు తిరిగారు. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీ త్యాగాలు సరే, మాతో స్నేహం చేయరేమని దొరలను వాళ్ల ఎదుటే అడిగారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. దొరల్లోనే కాదు, మనవాళ్లలోనూ కొందరు అడ్డుచెప్పారు.

సభ ఎక్కువసేపు మాట్లాడుకున్నది 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథెడ్రల్ గురించి. ఇంగ్లండు చర్చికి నకలు తీయకుండా, గుడి స్తంభాల తీరునూ మసీదు గుమ్మటాలనూ కలిపి ఆయన దాన్ని కట్టించారు. మన ఊరి మధుకేశ్వరుడి గుడి శిల్పాల నడుమ పెరిగినవాళ్లకు ఈ పని విలువ వేరే చెప్పాలా?

శైవక్షేత్రంలో క్రైస్తవ బిషప్పుకు తీర్మానమేమిటని ఒక సభ్యుడు అడిగారు. అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాసుకున్నాం. సామూహిక మతాంతరాలపై గాంధీగారికీ ఆయనకూ పొసగలేదన్నది నిజం. ఆ సంగతి దాచి ఆయన్ను పొగడాలని సభకు లేదు. అయితే క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించిన క్రైస్తవ నాయకుడూ ఆయనే. ఈ మాట విన్నాక ఆ సభ్యుడు వ్యతిరేకంగా ఓటు వేయలేదు, అనుకూలంగానూ వేయలేదు.

ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన పాటుపడిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడింది.

కాబట్టి సభ తీర్మానించినది: ఏటా ఆగస్టు 17న ఆయన జీవితంపై ఒక ప్రసంగం పెట్టించాలి. వక్త ఏ మతంవారైనా సరే, గాంధీగారితో వచ్చిన వివాదం మాత్రం వదిలిపెట్టకూడదు. కెథెడ్రల్ స్తంభాల ఫొటోలు పంపమని డోర్నకల్ డయోసిస్‌కు ఉత్తరం రాయాలి. అవి అందాక చదువుగదిలో గిడుగువారి పటం పక్కన పెట్టాలి. ఫ్రేముల ఖర్చు సభ్యత్వ రుసుం నుంచి వాడుకోవచ్చు.