ఆరు గిగాహెర్ట్జ్‌లు మనకెందుకు?

తరంగం
- శబ్దవేది

పేట్ బషీరాబాద్‌లో మా డాబా ఎక్కితే ఒక పక్క హకీంపేట, ఇంకో పక్క దుండిగల్. శిక్షణ విమానాల మోత వింటూ పెరిగిన పిల్లలకు రేడియో మీద మనసు పోవడం వింతేమీ కాదు. మా వీధిలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు మొన్న ఆదివారం పైకొచ్చాడు. హ్యామ్ రేడియో పరీక్ష పాసయ్యాడట, లైసెన్సు కూడా చేతికొచ్చిందట.

"అంకుల్, వీఎన్ఏ కొందామనుకుంటున్నా. మూడు గిగాహెర్ట్జ్‌ది తీసుకోనా, ఆరుదా?"

"నువ్వు మాట్లాడేది ఎక్కడ నాన్నా?"

"145 మెగాహెర్ట్జ్‌లో."

అయితే 900 మెగాహెర్ట్జ్‌ది చాలు. వాడికి చెప్పిందే ఇక్కడ కాస్త విడమర్చి రాస్తున్నాను. ప్రకటనలు చూసి, ఎన్నడూ వాడని గిగాహెర్ట్జ్‌లకు డబ్బు పోస్తున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. అది చూస్తే నాకు బాధగా ఉంది.

వీఎన్ఏ అంటే వెక్టర్ నెట్‌వర్క్ ఎనలైజర్. పేరు విని భయపడనక్కర్లేదు. బావిలో రాయి వేసి, చప్పుడు ఎప్పుడొచ్చిందో విని లోతు చెప్పే పెద్దలుండేవారు. ఇదీ అలాంటిదే. యాంటెన్నాలోకి చిన్న సంకేతం పంపి, ఎంత తిరిగొచ్చిందో, ఏ దశలో తిరిగొచ్చిందో కొలుస్తుంది. ఆ తిరిగొచ్చేదాన్ని ఎస్‌డబ్ల్యూఆర్ అనే అంకెతో చెప్తారు. అది 2 అంటే పంపిన శక్తిలో 11 శాతం వెనక్కి వస్తున్నట్టు. 3 అంటే 25 శాతం.

ప్రయోగశాలల్లో ఈ యంత్రం లక్షల మాట. జపాన్‌లో ఒక అభిరుచిదారు 2016 ప్రాంతంలో దీన్ని అరచేతి బోర్డులో ఇమిడ్చాడు. ఒక చవక క్లాక్ చిప్, మూడు మిక్సర్లు, పాటల పెట్టెల్లో వాడే ఆడియో కోడెక్ ఒకటి, అంతే. 2019 నుంచి చైనా తయారీదారులు దాన్నే నానోవీఎన్ఏ పేరుతో ప్రపంచమంతా అమ్మారు. నకళ్లూ వెంటనే పుట్టాయి. కొన్నింటిలో మిక్సర్ల మీద ఉండాల్సిన రేకు కవచం ఉండదు, కొన్నింటిలో బ్యాటరీయే ఉండదు. వంద రూపాయలు తగ్గుతుందని అలాంటివి కొనకండి.

నా ఓటు నాలుగంగుళాల తెర ఉన్న నానోవీఎన్ఏ-హెచ్4కే. 2.8 అంగుళాల హెచ్ కూడా కొలతలో తక్కువది కాదు. కానీ యాంటెన్నా పని ఎండలో, డాబా మీద, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని చేసేది. ఆ చిన్న తెర మీది అంకెలు నలభై దాటిన కళ్లకు ఆనవు. ఈ పరికరాలు 300 మెగాహెర్ట్జ్ దాటాక హార్మోనిక్స్ మీద ఆధారపడతాయి, రొద పెరుగుతుంది. అయినా 435 దగ్గర హ్యామ్ యాంటెన్నాకు, 865 దగ్గర లోరా యాంటెన్నాకు ఇబ్బంది లేదు. రిపీటర్ డూప్లెక్సర్ సరిచేయాలంటే మాత్రం దీని శక్తి చాలదు. వైఫై 2.4 గిగాహెర్ట్జ్ యాంటెన్నాలు చేసేవాళ్లు మూడు గిగాహెర్ట్జ్ వీ2 రకానికి వెళ్లాల్సిందే. ఆరు దాకా వెళ్లే లైట్‌వీఎన్ఏ ఎవరికి కావాలో వాళ్లకు ముందే తెలిసుంటుంది.

కొన్నాక చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆన్ చేయగానే 50 కిలోహెర్ట్జ్ నుంచి 900 మెగాహెర్ట్జ్ దాకా మొత్తం గీత చూస్తారు. తొలి రకాలు ఆ దూరాన్ని 101 చుక్కల్లో కొలుస్తాయి. అంటే చుక్కకూ చుక్కకూ 9 మెగాహెర్ట్జ్ ఎడం. మన 144-146 బ్యాండు వెడల్పు రెండే మెగాహెర్ట్జ్‌లు! యాంటెన్నా కుదిరే చోట గీత దిగే లోయ రెండు చుక్కల నడుమ మాయమైపోవచ్చు. 135 నుంచి 155కు కుదించి, ఓపెన్, షార్ట్, లోడ్ బిళ్లలు పెట్టి మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి. యాంటెన్నా తగిలించే చోటే, అడాప్టర్ చివరే చేయాలి. లోడ్ బిళ్ల 50 ఓములు చూపుతోందో లేదో ముందు మల్టీమీటర్‌తో చూసుకోండి.

ఆ కుర్రాడి పావు తరంగ కడ్డీ 51 సెంటీమీటర్లు. నా పరికరంతో చూస్తే లోయ 139 దగ్గర ఉంది. కొంచెం కొంచెంగా రెండు సెంటీమీటర్లు కత్తిరించాం. గీత ఒక్కో కత్తిరింపుకీ జరుగుతూ వచ్చి 145 దగ్గర ఆగింది. వాడి ముఖం చూడాలి అప్పుడు.

నాకు ఈ పరికరం నేర్పిన అసలు పాఠం వేరే. రెండేళ్ల పాటు నా ఎస్‌డబ్ల్యూఆర్ 1.6 చూపేది, నేను సంతోషించేవాణ్ని. ఘట్‌కేసర్ మిత్రుడికి మాత్రం నా గొంతు అందేది కాదు. ఒకరోజు యాంటెన్నా విప్పేసి, ఖాళీ కేబుల్‌ను కొలిచాను. పంపినదంతా వెనక్కొచ్చి అనంతానికి దగ్గరగా ఉండాల్సిన ఎస్‌డబ్ల్యూఆర్ 2.5 చూపింది. జాయింటులోంచి వాననీరు దిగి, పంపిన శక్తిలో సగానికి పైగా దారిలోనే కేబుల్ తినేస్తోంది. తిరిగి రావడానికి మిగిలేది కొద్దే కాబట్టే మీటరు అంత బాగుందని చూపింది. మంచి అంకె చూసి నమ్మకండి. యాంటెన్నా విప్పి ఒకసారి, బిగించి ఒకసారి కొలవండి.

కేబుల్ బాగుండటం చిన్న మాట కాదు. 2004 డిసెంబరులో మన హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున హ్యామ్ భారతీప్రసాద్ బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. 26న సునామీ వచ్చి ఫోన్లు మూగబోయినప్పుడు, ద్వీపాల నుంచి క్షేమ సమాచారాలు వాళ్ల రేడియోల మీద వచ్చాయి. ఆ వేళ కేబుల్ తడిసి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

జాగ్రత్తలు కొన్ని చెప్తాను. ఈ పరికరం తగిలించి ఉండగా రేడియో ట్రాన్స్‌మిట్ మీట నొక్కారా, లోపలి చిప్పులు పోతాయి. ఎప్పుడైనా యాంటెన్నాను ముందు ఎర్త్‌కు తాకించి, ఆ తర్వాతే తగిలించండి. ఉరుము వినిపిస్తే అసలు డాబా ఎక్కకండి.

మేడ్చల్ దారి పొడవునా ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. స్మిత్ చార్టును పరీక్ష కోసం కాగితం మీద గీసి వచ్చిన పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. కడ్డీ కత్తిరిస్తుంటే పరికరం తెర మీది అదే చార్టులో చుక్క కదలడం వాళ్లలో ఎక్కువమంది చూడలేదు. అధ్యాపకులకు నా విన్నపం: నలుగురు విద్యార్థులకు ఒక నానోవీఎన్ఏ చొప్పున కొని ఇవ్వండి. ఇచ్చి, వాళ్లను డాబా మీదికి పంపండి.