ముందున్న బండి మీదికే వచ్చే చిప్ప

దసరా సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి మా ఊరు బోథ్ వచ్చాడు. వాడికి ఆరేళ్ళు. సంచిలోంచి బట్టల కన్నా ముందు నింటెండో స్విచ్ బయటికి తీశాడు. అన్న వాళ్ళ టీవీకి వైరు తగిలించగానే ఇల్లంతా ‘మారియో కార్ట్ 8 డీలక్స్’ మోత మొదలైంది. అన్న బిడ్డ ఎనిమిదో తరగతి. మొదటి రోజు వాడి దగ్గరే నేర్చుకుంది, రెండో రోజుకు వాడిని దాటేసింది. మూడో రోజు సాయంత్రం ఆ పిల్ల ఆడుతుంటే నేను పక్కనే మంచం మీద కూర్చొని చూస్తున్నాను. మూడు చుట్లూ తనే ముందుంది. చివరి మలుపు తిరిగింది, గీత కనబడుతోంది. ఇంతలో వెనక నుంచి సైరన్ లాంటి మోత. నీలి రంగు తాబేలు చిప్ప ఒకటి దూసుకొచ్చి, ఆమె బండి నెత్తిన గిర్రున తిరిగి పేలింది. బండి గాల్లోకి ఎగిరి కింద పడేలోగా నలుగురు దాటిపోయారు. ఆ నలుగురిలో మా ఆరేళ్ళవాడూ ఉన్నాడు.

రిమోట్ మంచం మీద పడేసి నా వైపు తిరిగింది. “గిదేం ఆట కాకా? తప్పు చేసినోన్ని కొట్టాలె గానీ ముందటున్నోన్ని కొడ్తదా?”

వాడేమో, “గెలిచిన మామా, నేను గెలిచిన!” అని గంతులు. నిజానికి వాడు వచ్చింది మూడో స్థానంలో. ఆ సంగతి వాడికి పట్టలేదు.

చిన్నపిల్ల కోపమని ఆ ప్రశ్నను పక్కన పెట్టలేకపోయాను. ఆ నీలి చిప్ప మొదట కనిపించిన 1996 నుంచీ ఆడేవాళ్ళంతా అడుగుతున్నది ఇదే. వెనకబడ్డవాడికి చెయ్యి అందించడం న్యాయమే కావచ్చు. అందుకోసం ముందున్నవాడి కాలు లాగాలా? జవాబు వెతుక్కుంటూ పోతే ఈ ఆట పుట్టిన తీరు దగ్గర మొదలుపెట్టాల్సి వచ్చింది.

1990లో నింటెండో ‘ఎఫ్-జీరో’ అనే పందెం ఆట తెచ్చింది. పొడవాటి దారులు, కళ్ళు చెదిరే వేగం. కానీ ఆడేది ఒక్కరే. ఇద్దరు పక్కపక్కన కూర్చొని ఆడే పందెం కావాలన్న కోరికతో క్యోటోలో షిగెరు మియమోటో పర్యవేక్షణలో హిదెకి కొన్నో, తదాషి సుగియామా పని మొదలుపెట్టారు. ఇద్దరికీ చోటు కావాలంటే తెరను అడ్డంగా రెండుగా చీల్చాలి. రెండు సగాల్లోనూ ఆ వేగాన్ని, అంత పొడవు దారిని చూపించే సత్తా నాటి యంత్రానికి లేదు. దాంతో దారులను కురచ చేసి మలుపులు పెంచారు, బండ్లను చిన్నవి చేసి వేగం తగ్గించారు. అలా తేలింది కార్ట్. మొదట ఆ బండ్ల మీద మారియో కూడా లేడు, ఎవరో ఓవరాల్స్ తొడుక్కున్న మామూలు మనిషి ఉండేవాడు. కొన్ని నెలల తర్వాత, పక్కబండి వాడు ఎవరో చూడగానే గుర్తు తెలియాలని మారియోను కూర్చోబెట్టి చూశారు. బాగుందనిపించింది. అవతలి బండి జారేటట్టు నూనె పారబోసే ఆలోచన కాస్తా అరటిపండు తొక్కగా మారింది.

1992 ఆగస్టు 27న జపాన్‌లో ‘సూపర్ మారియో కార్ట్’ విడుదలైంది. నేల గిర్రున తిరుగుతున్నట్టు చూపే లెక్కల కోసం క్యాసెట్ లోపలే డీఎస్‌పీ-1 అనే అదనపు చిప్ పెట్టారు. నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. ఒక్కరే ఆడుతున్నా ఆ ఆటలో తెర రెండుగానే ఉంటుంది. పై సగంలో పందెం నడుస్తుంది, కింది సగంలో దారి పటమో వెనక చూపే అద్దమో కనిపిస్తుంది. ఇంటికి ఎవరైనా వస్తారేమోనని ముందే వాల్చి ఉంచిన పీటలా ఉంటుంది ఆ కింది సగం.

ఆట పుట్టిందే పక్కన ఇంకో మనిషి కూర్చోవాలని. ఇది తెలిశాక నీలి చిప్ప సంగతి కాస్త వేరేగా కనబడుతుంది. పక్కన కూర్చునేది మనంత నేర్పున్నవాడే కానక్కర్లేదు. తమ్ముడు కావచ్చు, అమ్మమ్మ కావచ్చు, ఆరేళ్ళ మేనల్లుడు కావచ్చు. పందెంలో ఒకసారి వెనకబడితే దూరం పెరుగుతూనే పోతుంది. రెండో చుట్టుకే ఎవరు గెలుస్తారో తెలిసిపోతే మూడో చుట్టు ఎవరి కోసం? అందుకని దారిలో దొరికే పెట్టెల్లో ఏముండాలో ఆడేవాడి స్థానాన్ని బట్టి మార్చారు. ముందున్నవాడికి అరటితొక్కలు, నాణేలు దొరుకుతాయి. వెనకున్నవాడికి దొరికేది నక్షత్రమో, అందరినీ కుదించే పిడుగో. 2005 నాటి ‘మారియో కార్ట్ డీఎస్’ నుంచి బుల్లెట్ బిల్ కూడా వచ్చింది. అది దొరికితే బండి దానంతటదే దూసుకుపోతుంది. నలుగురు కలిసి ఆడే వీలు కల్పించిన ‘మారియో కార్ట్ 64’లో, 1996లో, నీలి చిప్ప వచ్చి చేరింది. అందరూ చివరిదాకా పోటీలో ఉండే పందెం కావాలనుకున్నామని ఆ ఆట దర్శకుడు కొన్నో తర్వాతి ఏళ్ళలో చెప్పాడు. ఏడు, ఎనిమిది భాగాలకు దర్శకత్వం వహించిన కోసుకె యాబుకి చెప్పినది ఇంకా ఆసక్తిగా ఉంటుంది. చిప్పను తీసేసి ఆడి చూశారట, ఏదో వెలితిగా అనిపించిందట. పెట్టినవాళ్ళకూ దాని మీద అనుమానం ఉండేదన్నమాట. ఆడి చూశాకే ఉంచారు.

ఈ వాదనలో బలముంది. అయినా మా పిల్ల ప్రశ్న అలాగే మిగిలింది.

వైకుంఠపాళి ఆడినవాళ్ళకు పైవరసల్లో కాచుకొని ఉండే పెద్ద పాము గుర్తుండే ఉంటుంది. ఎంత కష్టపడి ఎక్కినా ఆ గడిలో పడితే కిందికి జారాల్సిందే. మా ఇంట్లో ఆ పాము మింగితే ఏడ్చినవాళ్ళు ఉన్నారు గానీ, అది అన్యాయమన్నవాళ్ళు లేరు. ఎందుకంటే పాము తన గడిలో తాను ఉంటుంది, మనిషిని చూడదు. మొదటివాడు పడినా చివరివాడు పడినా ఒకటే. నీలి చిప్ప అలా కాదు. పన్నెండు బండ్లలో ముందున్న ఒక్కదాన్నే వెతుక్కుంటూ వస్తుంది. పిల్లకు అక్కడే మండింది. నాకూ ఆమె మాట సబబే అనిపించింది. బాగా నడపడమే ఆమె చేసిన తప్పు అన్నట్టుంది ఆ వరస.

మన దగ్గర ఎడ్ల పందేల్లోనూ బలాబలాల తేడాకు ఒక లెక్క ఉంది. ఆంధ్రలో బండలాగుడు పోటీల్లో పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అని ఎడ్ల పళ్ళు చూసి విభాగాలు చేస్తారు. పడుచు కోడెలను ముదురు ఎడ్లతో కట్టరు. ఆ సర్దుబాటంతా పోటీకి ముందే అయిపోతుంది. కాడి వేశాక ఎవరికీ సాయం ఉండదు. మా ఆదిలాబాదు వైపు, పెన్‌గంగ అవతల విదర్భ పల్లెల్లో శంకర్‌పట్ అని జోడెడ్లను పరుగెత్తిస్తారు. అక్కడా గీత దాటడానికి పట్టిన సెకన్లే లెక్క. ముందు పోయే జోడును ఆపి వెనకదాన్ని రానిచ్చే పని చేస్తే జనం ఊరుకుంటారా? పోటీని సమం చేయాలంటే మొదలయ్యే ముందే చేయాలన్నది మన పందేల పద్ధతి. మారియో కార్ట్‌లో ఆ పని పందెం నడుస్తుండగా జరుగుతుంది.

అయితే బండలాగుడుకు వందలాది జోళ్ళలోంచి సరిజోళ్ళను ఏరుకోవచ్చు. మా ఇంట్లో ఆ సాయంత్రం ఉన్నది ఇద్దరే. ఒకరు ఎనిమిదో తరగతి, ఒకరు ఒకటో తరగతి. పళ్ళు చూసి విడదీస్తే ఇద్దరూ ఒంటరిగానే ఆడుకోవాలి. ఇల్లు మైదానం కాదు. ఇంట్లో ఆటకు పందెం మధ్యలో సర్దుబాటు తప్ప దారి లేదని నేను ఒప్పుకుంటాను. పైగా చిప్పకు విరుగుడు బొత్తిగా లేకపోలేదు. ‘మారియో కార్ట్ 8’లో వచ్చిన హారన్‌ను సరైన క్షణంలో మోగిస్తే చిప్ప పేలిపోతుంది. పుట్టగొడుగు దాచుకుంటే దెబ్బ పడే ముందు ముందుకు దూకి తప్పించుకోవచ్చు. ఒక్క పందెం చిప్ప వల్ల పోయినా, నాలుగు పందేల కప్పులో మొత్తం పాయింట్లు కూడితే నేర్పున్నవాళ్ళే పైన తేలతారు. మూడు రోజుల లెక్క చూస్తే మా పిల్లే ఎక్కువ గెలిచింది. ఆమెకు గుర్తున్నది మాత్రం ఆ ఒక్క చివరి మలుపే.

నాకు అసలు అభ్యంతరం ఇంకో సాయం మీద. కంప్యూటరు నడిపే బండ్లకు రహస్యంగా అందే సాయమది. మొదటి ఆటలోనే ఇది ఉంది. మనకు ఆయుధం కావాలంటే దారి మీద ప్రశ్నార్థకం ఉన్న పలక మీదుగా పోవాలి. కంప్యూటరు నడిపే పాత్రల్లో యోషీ అయితే గుడ్లు వదులుతూనే ఉంటాడు, బౌజర్ నిప్పుముద్దలు పరుస్తూనే ఉంటాడు. ఆ గుడ్లు, నిప్పు మన చేతికి ఎప్పటికీ రావు. ‘64’లో అయితే ఎంత దూరం వెనక వదిలేసినా కంప్యూటరు బండి కాసేపటికి మన వెన్నంటే కనబడుతుంది. ఆడేవాళ్ళు దీన్ని రబ్బరు బ్యాండు అంటారు. మన బండికీ దాని బండికీ నడుమ కనబడని సాగే తీగ ఏదో కట్టినట్టుంటుందని ఆ పేరు.

దీనికీ ఒక సమర్థన ఉంది. ఒక్కడే ఆడే మనిషికి వెనక ఎవరూ లేని ఖాళీ దారి విసుగు పుట్టిస్తుంది. నిజమే. కానీ నీలి చిప్ప బాహాటంగా వస్తుంది, మోత చేస్తుంది, దానికి విరుగుడూ ఉంది. రబ్బరు బ్యాండు కంటికి కనబడదు. నేను బాగా నడిపి తెచ్చుకున్న దూరాన్ని చెప్పకుండా వెనక్కి తీసుకుంటుంది. రెండూ వెనకబడ్డవాడికి సాయమే అయినా ఒకే గాటన కట్టలేను. ఆట నియమం అందరికీ తెలిసి ఉంటే అది ఎంత కఠినమైనా ఆడుకోవచ్చు. తెలియకుండా మారే నియమంతో ఏం ఆడతాం?

ఇక డబ్బుతో కొనుక్కునే సాయం. 2019 సెప్టెంబర్ 25న ఫోన్ల కోసం ‘మారియో కార్ట్ టూర్’ వచ్చింది. మా బోథ్ లాంటి ఊళ్ళో స్విచ్ ఉన్న ఇళ్ళు అరుదు. ఫోను లేని ఇల్లు లేదు. కాబట్టి మా పిల్లలకు ఈ ఆట దొరికితే ముందు దొరికేది ఈ రూపంలోనే. అందులో ఒక్కో దారికి తగిన డ్రైవర్లు కొందరుంటారు. వాళ్ళను ఎంచుకుంటే పెట్టె తగిలినప్పుడల్లా ఒకటి బదులు మూడు వస్తువులు చేతికొస్తాయి. మొదట్లో ఆ డ్రైవర్లు కావాలంటే గొట్టంలోంచి లాటరీలా తీసుకోవాల్సి వచ్చేది, తీయడానికి కెంపులు కావాల్సి వచ్చేవి, కెంపులు కావాలంటే డబ్బు కట్టే వీలుండేది. 2022 శరత్కాలంలో ఆ గొట్టాన్ని తీసేసి కావలసింది చూసి తీసుకునే పద్ధతి పెట్టారు. తీసేయడం మంచిదే. అంతవరకూ మూడేళ్ళ పాటు నడిచిన ఆ పద్ధతిని మాత్రం నేను ఏ వాదనతోనూ సమర్థించలేను. నీలి చిప్ప వెనకబడ్డవాడి చేతికి వస్తుంది, వాడి జేబు చూడదు.

నేర్పు ఒక్కటే తేలాలనుకునేవాళ్ళకు ఈ ఆటలో 1992 నుంచీ ఒక గది వేరే ఉంది. దాని పేరు టైమ్ ట్రయల్. అక్కడ పక్కన పోటీకి ఎవరూ ఉండరు, వెంటాడే చిప్పలు ఉండవు. గడియారం ఒక్కటే. కావాలంటే ఇంతకుముందు మనం నడిపిన బండే నీడలా పక్కన పరుగెడుతుంది, దాన్ని దాటాలి. శంకర్‌పట్‌కు దగ్గరి ఆట ఇదే. మరుసటి రోజు మా పిల్లకు దాన్ని చూపించాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఒకే దారిని పట్టుకొని తిరిగింది. ప్రతిసారీ అరసెకను, పావుసెకను తగ్గించుకుంటూ పోయింది. మధ్యాహ్నం తర్వాత తనే బయటికొచ్చి, “అరేయ్, రా. ఇద్దరం ఆడుదాం” అని వాడిని పిలిచింది. నేను అడగలేదు, ఎందుకు పిలిచావని.

ఆ ఆటలోనే ఆమె కంట పడిందొకటి. వాడి బండి వెనక సన్నని యాంటెన్నా నిలబడి ఉంది. 8 డీలక్స్‌లో స్మార్ట్ స్టీరింగ్ అనే సాయం ఉంది, బండి దారి తప్పి గోతిలో పడకుండా అదే మలుపుతుంది. చిన్నపిల్లల కోసం పెట్టింది. ఆ సాయం తీసుకుంటున్న బండికి అలా యాంటెన్నా కనబడుతుంది, అందరికీ తెలిసేలా.

“నీ బండికి తోకుంది చూడు. గందుకే నువ్వు పడ్తలేవు” అంది.

వాడు రిమోట్ నా చేతిలో పెట్టి, “మామా, తోక తీసెయ్” అన్నాడు.

తీసేశాను. మొదటి మలుపులోనే గోతిలో పడ్డాడు. మబ్బు మీద తిరిగే లకీటు గాలం వేసి పైకి తీసి దారి మీద పెట్టాడు. మళ్ళీ పడ్డాడు, మళ్ళీ తీశాడు. మూడు చుట్లలో ఎన్నిసార్లు పడ్డాడో లెక్క తప్పిపోయింది. పన్నెండింటిలో పన్నెండోవాడిగా గీత దాటాడు. మా పిల్ల మొదటి స్థానంలో వచ్చింది, చేతిలో హారన్ అలాగే ఉంది, ఈసారి చిప్ప రాలేదు.

నేను మళ్ళీ తోక పెడదామని రిమోట్ కోసం చెయ్యి చాచాను. వాడు ఇవ్వలేదు.

“ఇంకొక్కటి అక్కా” అన్నాడు.