కంపెనీ పేరుకు జాతకం

దేవరకొండ అనే ఊరి పేరు ఇంగ్లీషులో రెండు రకాలుగా కనిపిస్తుంది. కొందరు ‘ఆర్’ తర్వాత ‘ఏ’ రాస్తారు, కొందరు రాయరు. ఆ ‘ఏ’ ఉంటే, న్యూమరాలజిస్టులు ఎక్కువగా వాడే కీరో పట్టిక ప్రకారం అక్షరాల విలువల మొత్తం 38. అంకెలు కూడుకుంటూ పోతే 11, చివరికి 2. ‘ఏ’ తీసేస్తే 37, దాన్నుంచి 10, చివరికి 1. ఊరు మారలేదు. దాని అంకెకు అధిపతి మాత్రం చంద్రుడి నుంచి సూర్యుడికి మారాడంటుంది ఆ లెక్క.

పల్లి నూనె గానుగో, కారం మిల్లో పెట్టుకునే కుటుంబాలను భయపెట్టేది ఇలాంటి లెక్కే. వ్యాపారానికి పెట్టిన తాత పేరులో ‘ఎన్’ రెండుసార్లు రాయకపోతే అది నిలవదంటారు. అప్పటికే అచ్చయిన సంచులు, బోర్డు, బిల్లు బుక్కులు మళ్లీ చేయించాలి. ఆ ఖర్చు అప్పు తెచ్చిన పెట్టుబడిలోంచే పోతుంది.

కీరో అంటే ఐర్లండులో పుట్టిన విలియం జాన్ వార్నర్ పెట్టుకున్న పేరు. ఆ పట్టికలో ‘ఎస్’ విలువ 3. పైథాగరస్ పేరుతో చెలామణీ అయ్యే పట్టికలో 1. తెలుగు అక్షరాలకు రెండింట్లోనూ చోటు లేదు.

ఈ నమ్మకానికి గట్టి పరీక్ష సత్యం, మేటాస్‌ల కథ. రామలింగరాజు 1987లో స్థాపించిన సత్యం కంపెనీ పేరును ఇంగ్లీషులో తిరగేస్తే మేటాస్. కుటుంబానికి చెందిన మరి రెండు కంపెనీలకు ఆ పేరే పెట్టారు. అక్షరాలు అవే కాబట్టి ఏ పట్టికతో కూడినా రెండింటికీ ఒకే మొత్తం వస్తుంది. కీరో లెక్కలో 14, అంటే 5. అది బుధుడి అంకె, వ్యాపారానికి మేలంటారు. పైథాగరస్ లెక్కలో 7. 2008 డిసెంబరులో మేటాస్‌లను సత్యం చేత కొనిపించబోతే వాటాదారులు తిరగబడ్డారు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనేలేవని 2009 జనవరి 7న రాజు లేఖ రాశారు. కంపెనీని ముంచింది ఆ దొంగ లెక్క. బుధుడి అంకె దాన్ని ఆపలేదు.

ఇలాంటి నమ్మకం జపాన్‌లోనూ ఉంది. అక్కడ టొయోడా కుటుంబం 1936లో తమ కార్ల పేరును టొయోటాగా మార్చింది. పలకడానికి బాగుందన్నది ఒక కారణం. జపాన్ లిపిలో ఆ పేరుకు ఎనిమిది గీతలు, అది అక్కడ శుభసంఖ్య. మన న్యూమరాలజీలో 8 శని అంకె, తప్పించుకోవాలంటారు! ఎనిమిది గీతల పేరు పెట్టుకుని మూతబడ్డ దుకాణాలను మాత్రం ఎవరూ లెక్కించరు.

పేరు విషయంలో నిజంగా చూసుకోవలసినది ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో ఉంది. అదే సరుకుకు అలాంటి పేరు ఇంకెవరైనా ముందే తీసుకున్నారేమో ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకొచ్చు. చెవికి ఒకేలా వినిపించినా పోలికగానే చూస్తారు కనుక అదనపు ‘ఎన్’ అక్కడ అక్కరకు రాదు. చిన్న సంస్థ ఒక తరగతి సరుకుకు 4,500 రూపాయలు కట్టి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ పొడిగించుకోవచ్చు.