కాలయంత్రాన్ని ఆపేసిన ట్రాన్సిస్టర్

మాస్కోలో ఒక అపార్ట్‌మెంట్. ఇంజినీరు షూరిక్ ఇంట్లోనే తయారుచేసిన కాలయంత్రాన్ని ఆన్ చేస్తాడు. బిల్డింగంతా కరెంటు పోతుంది.

1973లో లియొనిద్ గైదాయ్ తీసిన సోవియట్ కామెడీలోని గొడవ ఇక్కడే మొదలవుతుంది. రష్యన్ పేరుకు ‘ఇవాన్ వసీల్యెవిచ్ ఉద్యోగం మారుస్తాడు’ అని అర్థం. (ఇంగ్లిష్‌లో దీనికి ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ అని తగిలించారు గానీ, ఆ హాలీవుడ్ సినిమాకన్నా ఇది పన్నెండేళ్లు పెద్దది.) యంత్రం నడవగానే గది గోడ మాయమై, అవతల 16వ శతాబ్దపు జార్ ‘ఇవాన్ ది టెరిబుల్’ గది కనిపిస్తుంది. జార్ ఈ ఫ్లాట్‌లోకి వస్తాడు. బిల్డింగ్ మేనేజర్ బున్షా, మిలస్లావ్‌స్కీ అనే దొంగ అటువైపు ఇరుక్కుంటారు.

ఇందులో సైన్స్ లేదనేవాళ్లున్నారు. సూత్రాల కోసం వెతికితే నిజంగానే లేదు. గాజు గొట్టాల్లో రంగునీళ్లు బుడబుడలాడతాయి, అంతే. పైగా కథంతా షూరిక్ కల. కానీ యంత్రం చుట్టూ ఉన్న లోకం మాత్రం పక్కాగా ఉంటుంది. ప్రయోగానికి కరెంటు కావాలి, ఆ కరెంటు ఇరుగుపొరుగు ఇళ్లది కూడా. ఒక్క ట్రాన్సిస్టర్ కాలిపోతే నాలుగు శతాబ్దాల దారి మూసుకుపోతుంది. దానికోసం షూరిక్ ఊరంతా తిరుగుతాడు. ఏ దుకాణం చూసినా మూసే ఉంటుంది. చివరికి వీధిలో బ్లాకులో అమ్మేవాడి దగ్గర కొనుక్కుంటాడు. విడిభాగం కోసం నెలల తరబడి ఎదురుచూసిన ఏ పరిశోధక విద్యార్థికైనా ఈ ఘట్టం కామెడీలా కాదు, డాక్యుమెంటరీలా అనిపిస్తుంది.

ఇటీవలి భారీ సినిమాలు చాలావరకు దీనికి తలకిందులు. ‘క్వాంటమ్’ అన్న మాట పదిసార్లు వినిపిస్తుంది, యంత్రం మాత్రం బటన్ నొక్కగానే పనిచేస్తుంది. ఖర్చు లేదు, ఆలస్యం లేదు, వైఫల్యం లేదు. సైన్స్ అంటే ఏమిటో జనానికి తప్పుగా చెబుతున్నది అవే. రంగునీళ్ల షూరిక్ కాదు.

జార్‌నీ, మేనేజర్‌నీ ఒకే నటుడు యూరీ యాకవ్‌లెవ్ పోషించాడు. తెలుగు ప్రేక్షకులకు ‘ఆదిత్య 369’ గుర్తు రావచ్చు. అక్కడ రాయల కొలువు చూసి అబ్బురపడతాం. ఇక్కడ జార్ దుస్తులు తొడిగిన మేనేజర్ స్వీడన్ రాయబారికి కేమ్ ప్రాంతాన్ని ఇంచుమించు ధారపోసినంత పనిచేస్తాడు. నిరంకుశ రాజుకూ చిల్లర అధికారికీ ముఖం ఒకటే! మూలకథ మిఖాయిల్ బుల్గాకవ్ నాటకం. స్టాలిన్ కాలంలో, 1936లో, డ్రెస్ రిహార్సల్ అయ్యాక దాన్ని ఆపేశారు. 1940లో ఆయన చనిపోయాడు, 1965లో గానీ అది అచ్చు కాలేదు. సినిమాకు మాత్రం సోవియట్ యూనియన్‌లో 6 కోట్లకు పైగా టికెట్లు తెగాయి.

ఇంతకీ గతంలోకి దారి ఉందా? 1949లో కుర్ట్ గోడెల్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు అలాంటి దారి ఉండే పరిష్కారం ఒకటి చూపాడు, కానీ అది మొత్తంగా తిరుగుతూ ఉండే విశ్వం, మనది కాదు. ప్రకృతి నియమాలే ఆ దారిని అడ్డుకుంటాయని 1992లో స్టీఫెన్ హాకింగ్ ప్రతిపాదించాడు. రుజువు ఇంకా దొరకలేదు. భవిష్యత్తులోకైతే దారి ఉంది, కాకపోతే బహు ఇరుకు. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుంది. వ్యోమగామి సెర్గెయ్ క్రికల్యోవ్ ఆరు యాత్రల్లో 803 రోజులు కక్ష్యలో తిరిగి, నేల మీద ఉన్నవాళ్లకన్నా సెకనులో సుమారు యాభయ్యో వంతు వెనకబడ్డాడు. అంటే అంతమేర భవిష్యత్తులోకి దూకాడన్నమాట.

1991 మే నెలలో ఆయన ‘మీర్’ కేంద్రానికి వెళ్లింది సోవియట్ యూనియన్ నుంచి. 1992 మార్చిలో దిగేసరికి ఆ దేశం లేదు. గైదాయ్ సినిమా మాత్రం రష్యా టీవీల్లో కొత్త సంవత్సరం రోజుల్లో ఇప్పటికీ వస్తూనే ఉంది.