వాయిదా వేసిన వాంఛ

మా న్యాయస్థానములలో వాయిదా యనునది నిత్యకృత్యము. సాక్షి రాలేదనియు, దస్తావేజు దొరకలేదనియు, వకీలు పొరుగూరికి పోయెననియు వ్యాజ్యము వెనుకకు జరుగుచునే యుండును. కాని మనుష్యుడు తన జన్మమునకెల్ల ప్రధానమగు కోరికకు తానే వేసికొను వాయిదా వీనినన్నిటిని మించినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో వృత్తిరీత్యా తిరుగువాడను గనుక నెఱుగుదును. చదువుకొన్నవారిలో పెక్కురి పెట్టె యడుగున నొక నోటుపుస్తక మున్నది. అందు నొకరిది నాటకము, ఒకరిది ఊరి చరిత్రము, ఇంకొకరిది బడి పెట్టవలెనను తలపు. ఏల సాగలేదని యడిగినచో ధైర్యము చాలలేదందురు. మొదట ధైర్యము, పిదప కార్యము అని వీరి లెక్క. ఈ లెక్క తప్పని మన సీమవారే యొకరు ఋజువు చేసి చూపిరి.

సురవరము ప్రతాపరెడ్డిగారు 1896లో, నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో జన్మించిరి. మద్రాసులో చదివి న్యాయవాద పట్టము పొందినవారు; మావలె ఫీజులు లెక్కించుకొనుచు సుఖముగా కూర్చుండవచ్చును. ఆయన 1926 మే 10వ తేదీన హైదరాబాదునుండి గోలకొండ పత్రికను వెలువరించిరి. అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. రాజభాష ఉర్దూ. తెలుగు చదువనేర్చినవారే కొలదిమంది. ఇక చందా కట్టువారెందఱు? పిమ్మట కొలది యేండ్లకే సభ జరుపవలెనన్నను ముందనుమతి కావలెనను గస్తీ 53 వచ్చిపడినది. పత్రికకు వ్రాయుట, దిద్దుట, అచ్చుచిత్తులు చూచుట, ఇట్టి పెక్కు పనులు ఆయన తామే చేసికొనవలసి వచ్చెను. ధైర్యము గొలుపు పరిస్థితి యిందేది?

ఇంతలో తెలంగాణమున కవులే లేరని యొకరు వ్రాసిరి. గద్వాల సంస్థానమునకు విద్వద్గద్వాల యని పేరు. ఆ నేలపై పుట్టినవారికి ఈ మాట ఎట్లు తగిలియుండునో చెప్పనక్కఱలేదు. నేనైనచో నొక ఘాటైన నోటీసు వ్రాసి, మూడు వారములు వాదప్రతివాదములు నడపి, చేతులు దులుపుకొనియుందును. ప్రతాపరెడ్డిగారు సాక్ష్యము సేకరించిరి. ఊరూరినుండి పద్యములు తెప్పించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ప్రతివాది కింక చెప్పుట కేమియు మిగులలేదు.

‘ఆయన మహానుభావుడు, మేమెంత?’ అని కొందఱందురు. ఇది చూచుటకు వినయమే. నా దృష్టిలో సోమరితనము కప్పుకొన్న పైపంచె. ఆ సంచికలోని వారందఱును మహాకవులా? కారు. ఆ పద్యమే లేకున్నచో కొందఱి పేరైనను నేడు మనకు తెలిసెడిది కాదు. తమ పద్యమును మడిచి కవరులో నుంచి తపాలాపెట్టెలో వేయునపుడు వారి చేయి వణకలేదని యెవరు చెప్పగలరు? వణకుచున్న చేతితోనే వేసిరి.

ఆంధ్రుల సాంఘిక చరిత్ర 1949లో వెలువడునాటికి ప్రతాపరెడ్డిగారికి ఏబదిమూడేండ్లు. రాజుల దండయాత్రలను ప్రక్కకు నెట్టి, జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి అని అడిగిన గ్రంథమది. శాసనములు పలుకని చోట శుకసప్తతి, హంసవింశతి వంటి కావ్యములను సాక్షులుగా బోనెక్కించిరి. నిఘంటువులు ‘క్రీడావిశేషము’, ‘భక్ష్యవిశేషము’ అని తప్పించుకొన్న పదములకు అర్థము వెదకుట యెంత కష్టమో, పాతదస్తావేజులతో కుస్తీపట్టు మాకు కొంత తెలియును. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు పంపిరి. మఱుసటి యేడు ఆగస్టులో కన్నుమూసిరి. ఆ గ్రంథమునకు సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది 1955లో. అందుకొనుటకు ఆయన లేరు. బహుమానము వచ్చునని యెదురుచూచి వ్రాయదలచినవారు ఈ తేదీలను మఱియొకమారు చూడవలెను.

ఇతరులను విమర్శించితిని గాన నా సంగతియు చెప్పుట న్యాయము. శ్రీశైలము జలాశయమున మునిగిన కృష్ణాతీర గ్రామములవారు కక్షిదారులుగా నా యొద్దకు వచ్చుచుందురు. వారి మునిగిన చేలకు, బావులకు, బాటలకు పేర్లుండెడివి. ఆ పేర్లన్నియు నొకచోట చేర్పవలెనని చదువుకొను దినములనుండి నా కోరిక. కొంత చేర్చితిని కూడ. 2009 అక్టోబరు వరదలలో తుంగభద్రయొడ్డున బంధువుల యింట నున్న ఆ పుస్తకము నీటిపాలయ్యెను. నీట మునిగిన పేర్లు మఱల నీటనే మునిగెనని నవ్వుకొని, విధి యని సరిపెట్టుకొని, పదునైదేండ్లు దానిని ముట్టనైతిని. అది విధి కాదు, వాయిదాయే. ఆనాడు నాకు సగము పేర్లు చెప్పిన వృద్ధుడు ఈ నడుమ గతించెను. వాయిదా వేసినవాడను నేను. నష్టపోయినది ఆ యూరు.

అట్టి వృద్ధులు గద్వాల మొదలు కొల్లాపురము వరకు నింకను కొందఱున్నారు. పఠనమందిరమున ఈ పత్రిక చదువు యువకులలో నెవరి యింటనైన నట్టి తాతయో అవ్వయో ఉన్నచో, ఈ రాత్రి భోజనమైన పిదప కాగితము, కలము పుచ్చుకొని ప్రక్కన కూర్చుండుడు. నేను గడచిన యాదివారము మఱల నారంభించితిని. క్రొత్త పుస్తకమున తొలిపుటలో పదునొకండు చేల పేర్లును, రెండు బావుల పేర్లును చేరినవి. అందొక బావి పేరు నిరుటి పుస్తకములో నుండెనో లేదో నాకు గుర్తురాలేదు.