ముసలి ఇంజనుకు మళ్లీ ఊపిరి

పాత రైలింజను అనగానే మనకు గుర్తొచ్చేది పొగబండే. బొగ్గు మింగుతూ, కూతేస్తూ వచ్చే ఆవిరి ఇంజనంటే అందరికీ ముద్దు. మరి డీజిల్ ఇంజను? దాన్నెవరు దాచుకుంటారులే అనుకుంటాం. బ్రిటన్‌లో దాచుకుంటున్నారు... నడుపుతున్నారు కూడా!

అక్కడ మూతపడిన రైలు మార్గాలను ఔత్సాహికులే హెరిటేజ్ రైల్వేలుగా నడుపుకుంటున్నారు. లీడ్స్‌లోని మిడిల్టన్ రైల్వేలో 1960 జూన్‌లో స్వచ్ఛంద సేవకులు నడిపిన తొలి రైలును లాగింది ఆవిరి ఇంజను కాదు, 1932 నాటి చిన్న డీజిల్ ఇంజను!

అభిమానుల్లో ఎక్కువ పేరున్నవి మాత్రం డెల్టిక్‌లు. 1961-62లో వచ్చిన ఈ 22 ఇంజన్లు ఏకంగా 55 ఆవిరి ఇంజన్లను ఇంటికి పంపేశాయి. ఒక్కోదాని సత్తా 3,300 హార్స్‌పవర్. లండన్-ఎడిన్‌బరో మార్గంలో గంటకు 160 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లేవి. అందుకేనేమో, కొన్నింటికి పందెం గుర్రాల పేర్లే పెట్టారు. నౌకాదళ పడవల కోసం రూపొందిన రకం యంత్రాలను ఒక్కోదాంట్లో రెండేసి అమర్చారు. ఒక్కో యంత్రంలో 18 సిలిండర్లు, 36 పిస్టన్లు. సిలిండర్ల అమరిక ముక్కోణంలా ఉంటుంది కాబట్టి గ్రీకు అక్షరం డెల్టా మీదుగా ఆ పేరు.

ఇరవై ఏళ్లు తిరిగేసరికి వాటి వంతూ వచ్చింది. 1982 జనవరి 2న ఆఖరి ప్రయాణం. తుక్కు కాకుండా మిగిలినవి ఆరే. ఒకటి జాతీయ రైల్వే మ్యూజియానికి వెళ్లింది. మూడింటిని డెల్టిక్ ప్రిజర్వేషన్ సొసైటీ కొనుక్కుంది.

కొనడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. విడిభాగాలు ఇప్పుడెవరూ తయారుచేయరు. తుప్పు గోకాలి, వైర్లు మార్చాలి, కారే నూనెను కట్టడి చేయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పని తెలిసిన చేతులు. పెద్దవాళ్లు కుర్రాళ్లకు నేర్పకపోతే అది వాళ్లతోనే పోతుంది. అందుకే 160 మీద పరుగెత్తిన ఇంజను హెరిటేజ్ రైల్వేలో 40 కిలోమీటర్ల వేగంతో నడిచినా వాళ్లకు పండగే.

మనకూ ఆల్కో ఇంజన్లున్నాయి. అమెరికా నమూనాతో 1964 నుంచి వారణాసిలో తయారై, కాజీపేట, గుత్తి షెడ్లలో సేవలందుకున్నాయి. లైన్లన్నీ కరెంటువయ్యాక వాటి పని అయిపోవచ్చింది. రంగులేసి స్టేషను ముందు నిలబెడితే ఇనుము మిగులుతుంది. చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పే మెకానిక్కు విద్య మిగలాలంటే మాత్రం ఒక్కదాన్నయినా నడపాలి!